డాలస్‌లో అర్ధరాత్రి, బాపట్లలో తుఫాను: ప్రవాసంలో వార్తలపై అవగాహన

అర్ధరాత్రి ఫోను

2023 డిసెంబరు 5వ తేదీ మధ్యాహ్నం 12.30కూ 2.30కూ మధ్య మిగ్‌జాం తీవ్ర తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పత్రికలు దీన్నే మిచౌంగ్ అని కూడా రాశాయి. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి, విసురు వచ్చినప్పుడు 110 దాకా. ఆ వేళకు కువైట్‌లో ఉదయం పది గంటలు దాటింది. అమెరికాలోని డాలస్‌లో రాత్రి ఒంటిగంట.

మా పెద్దమ్మ కొడుకు డాలస్‌లోనే ఉద్యోగం చేస్తున్నాడు. నాకు తమ్ముడి వరస. ఇల్లు రేపల్లెకు దగ్గర్లోని పల్లె. ఆ రాత్రి అతను నిద్రపోలేదు. లాప్‌టాప్‌లో ఉపగ్రహ చిత్రం తిరుగుతోంది, టీవీలో తెలుగు చానల్ ప్రత్యక్ష ప్రసారం నడుస్తోంది, ఫోనులో ఊరి వాట్సాప్ గ్రూపు మోగుతూనే ఉంది. ఇన్ని ఉన్నా తనకు కావలసిన ఒక్క సంగతీ తెలియలేదు. పొలంలో కోసి పరిచిన వరి పనలు తడిశాయా, గాలివాన రాకముందే కుప్ప వేశారా? ఊళ్లో కరెంటు లేదు. పెద్దమ్మ ఫోను కలవలేదు. మర్నాడు కలిశాక ఆవిడ అన్నది మూడు ముక్కలే: "పనలు నానిపోయినయ్ రా. మేం బానే ఉన్నాం. నువ్వు పడుకో."

తుఫాను కేంద్రం ఎక్కడుందో అతను డాలస్‌లో కూర్చుని కిలోమీటర్లలో చెప్పగలిగాడు. తమ నాలుగెకరాల పొలం సంగతి చెప్పలేకపోయాడు. ప్రవాసంలో వార్తలు అనుసరించడం గురించి పోటీ పరీక్షార్థి మొదట పట్టుకోవలసిన సంగతి ఇదే. ప్రపంచ వార్త దూరదేశానికి క్షణంలో చేరుతుంది. ఊరి వార్త ఆలస్యంగా చేరుతుంది, చేరినా చాలాసార్లు సరిచూసుకోని రూపంలో చేరుతుంది. దూరాన్ని ఇంటర్నెట్ తీసేసింది. ఊళ్లో నిలబడి చూసి, అడిగి, రాసే మనిషి లేని లోటును అది తీర్చలేదు.

సిలబస్‌లో ఎక్కడ ఉంది?

యూపీఎస్సీ మెయిన్స్ జనరల్ స్టడీస్ రెండో పేపర్‌లో ప్రవాస భారతీయుల అంశం ఉంది. అభివృద్ధి చెందిన, చెందుతున్న దేశాల విధానాలు మన ప్రయోజనాల మీద చూపే ప్రభావం కూడా అక్కడే ఉంది. విపత్తు నిర్వహణ మూడో పేపర్‌లో వస్తుంది. ఏపీపీఎస్సీ పరీక్షల్లో వర్తమానాంశాలు, రాష్ట్ర భౌగోళికం, విపత్తులు ఎలాగూ తప్పవు. ఈ విషయం వీటన్నిటి కూడలిలో నిలబడుతుంది కాబట్టి వ్యాసం పేపర్‌కు కూడా పనికొస్తుంది.

బొంబాయిలో పుట్టిన తెలుగు పత్రిక

సొంత నేలకు దూరంగా ఉన్న తెలుగువాడికి వార్త కావాలన్న ఆరాటం ఫోనుతో పుట్టింది కాదు. తెలుగు పత్రికల చరిత్రలో ఒక పెద్ద మలుపే ఆ ఆరాటం నుంచి వచ్చింది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయి వెళ్లి 1893లో అమృతాంజనం వ్యాపారం పెట్టారు. 1907 సూరత్ కాంగ్రెస్ తర్వాత తెలుగులో ఒక గట్టి పత్రిక ఉండాలన్న పట్టుదల ఆయనకు కలిగింది. 1908 సెప్టెంబరులో ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది, అదీ బొంబాయి నుంచి. మద్రాసుకు మారి దినపత్రిక అయింది 1914లో. అంటే మొదటి ఆరేళ్లు ఆ పత్రిక తెలుగు నేల బయట అచ్చయి, అక్కడి తెలుగువారికీ ఇక్కడివారికీ వారధిగా నిలిచింది. బొంబాయిలో అప్పటికే తెలుగు కూలీల బస్తీలు ఉండేవి. కామాఠిపురా అన్న పేరు తెలంగాణ నుంచి వెళ్లిన కామాఠీ పనివాళ్ల వల్ల వచ్చిందే.

ప్రిలిమ్స్‌కు ఈ వరస గుర్తుంచుకోండి: కృష్ణాపత్రిక మచిలీపట్నం 1902, ఆంధ్రపత్రిక బొంబాయి 1908, గోలకొండ పత్రిక హైదరాబాదు 1926, ఆంధ్రప్రభ మద్రాసు 1938, ఈనాడు విశాఖపట్నం 1974. ఊళ్ల పేర్లతో కలిపి చదవండి. ప్రశ్న సాధారణంగా అక్కడే తిరగేసి వస్తుంది.

1913లో మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలో జరిగింది. బి.ఎన్. శర్మ అధ్యక్షులు. ప్రత్యేకాంధ్ర కోరిక సభారూపం దాల్చిన చోటు అదే. అదే ఏడాది నవంబరులో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో గదర్ పత్రిక తొలి సంచిక ఉర్దూలో వెలువడింది. గదర్ పార్టీలో పనిచేసిన తెలుగువాడు దరిశి చెంచయ్య. కనిగిరి ప్రాంతం నుంచి చదువుకోసం కాలిఫోర్నియా వెళ్లి అందులో చేరారు. ఒకవైపు సొంత రాష్ట్రం కోసం సభ, మరోవైపు పరాయిగడ్డ మీద సొంత దేశం కోసం పత్రిక, రెండూ ఒకే ఏడాది జరిగాయి. ఇలాంటి జతను వ్యాసంలో వాడుకుంటే జవాబుకు బలం వస్తుంది.

తెనాలి కథ ఇంకా పదునైంది. 1942 ఆగస్టు 8న బొంబాయి గొవాలియా ట్యాంక్ మైదానంలో క్విట్ ఇండియా తీర్మానం జరిగింది. మర్నాడు తెల్లవారుజామునే నాయకుల్ని అరెస్టు చేశారు. 12వ తేదీన తెనాలిలో జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. వారి స్మారకమే ఊరి నడిబొడ్డున ఉన్న రణరంగ చౌక్. రేడియో ఏ కొద్ది ఇళ్లలోనో ఉండే కాలంలో బొంబాయి వార్త నాలుగు రోజుల్లో తెనాలి వీధిని కదిలించింది. నోటిమాట, రైలు, తంతి, పత్రిక కలిస్తే ఎంత వేగమో దీన్నిబట్టి తెలుస్తుంది.

బర్మా సంగతి విషాదం. రంగూన్ రేవులో తెలుగు కూలీలు పెద్దసంఖ్యలో ఉండేవారు. 1930 మేలో వారికీ బర్మా కూలీలకూ మధ్య పెద్ద అల్లర్లు జరిగాయి. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం పడిపోయింది. వేలాదిమంది అడవులూ కొండలూ దాటి కాలినడకన భారతదేశం చేరారు. ఇంటివాళ్లకు మనిషి గుమ్మంలో కనిపించడమే వార్త.

తర్వాతి కాలం రేడియోది. సినిమా నటుడిగా మనకు తెలిసిన కొంగర జగ్గయ్య తెనాలి దగ్గర మోరంపూడి వారు. నటుడు కాకముందు ఆయన ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. ఢిల్లీ నుంచి దేశమంతా విన్న తెలుగు గొంతుల్లో ఒకటి తెనాలి ప్రాంతపు గొంతు అన్నమాట. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. విదేశీ ప్రసారాలు 1939 అక్టోబరులో పష్తో భాషతో మొదలై తర్వాత తెలుగుకూ విస్తరించాయి. ఈ రోజు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ కేంద్రాన్ని ఏ దేశంలోనైనా వినవచ్చు.

కంప్యూటర్ల తొలిరోజుల్లో విదేశాల్లోని తెలుగువారికి లిపి సమస్య వచ్చింది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులే తయారుచేశారు. ఈమాట వెబ్ పత్రిక 1998లో మొదలైంది. పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కో ఫాంటు వాడిన ఆ కాలంలో ఫాంటు దించుకోకపోతే తెరమీద చుక్కలూ గీతలూ కనిపించేవి. యూనికోడ్ వాడుకలోకి వచ్చాక ఆ బాధ తీరింది. బీబీసీ తెలుగు సేవ 2017 అక్టోబరు 2న ప్రారంభమైంది. ఆ లండన్ సంస్థ పేరుతో వచ్చే తెలుగు వార్త తెనాలిలోనూ సిడ్నీలోనూ ఒకే క్షణంలో తెరుచుకుంటుంది.

జిల్లా గీత వార్తను కోస్తుంది

పత్రికలు 1980ల చివర్లో జిల్లా అనుబంధాలకు మళ్లడం తెలుగు పాత్రికేయంలో పెద్ద మార్పు. మండలానికో కంట్రిబ్యూటర్‌ను పెట్టుకుని ఊరి బోరు, బడి, రోడ్డు, పంట గురించి రాయించారు. వారిలో చాలామందికి జీతం ఉండేది కాదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంటే ఆదాయం. ఈ రోజు విదేశంలో ఉన్నవాడు ఈ-పేపర్‌లో జిల్లా పేజీ చదవగలుగుతున్నాడంటే వెనుక ఉన్నది ఆ మనిషే. చందా కట్టేవాళ్లు తగ్గి పేజీలు కుదించినప్పుడు మొదట కోత పడేది కూడా ఆ మనిషి వార్తలకే. ఇది నా అభిప్రాయమే కానీ గట్టిగా చెబుతాను: ప్రవాసికి ఊరి వార్త దూరమవుతున్నది సాంకేతికత వల్ల కాదు, ఆ కంట్రిబ్యూటర్ బతుకు గిట్టుబాటు కాకపోవడం వల్ల.

పరీక్షకు ఇక్కడ ఒక పరిపాలనా అంశం కూడా తోడవుతుంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాల సంఖ్య 13 నుంచి 26కు పెరిగింది. అప్పుడు ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి గుంటూరు జిల్లా నుంచి బాపట్ల, రేపల్లె, వేమూరు నియోజకవర్గాలు, ప్రకాశం నుంచి చీరాల, పర్చూరు, అద్దంకి వచ్చాయి. రేపల్లె కొత్త రెవెన్యూ డివిజన్ అయింది. తెనాలి మాత్రం గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది.

దీని ఫలితం పత్రికలో కనిపిస్తుంది. తెనాలి నుంచి రేపల్లెకు రైల్లో గంట ప్రయాణం, సుమారు 35 కిలోమీటర్లు. పెళ్లిళ్లు, ఆస్పత్రి, బంగారం కొట్టు, కాలేజీ, అన్నిటికీ రేపల్లె, కొల్లూరు జనం తెనాలికే వస్తారు. కానీ తెనాలివాడు తెరిచే గుంటూరు జిల్లా పేజీలో కొల్లూరు లంకల వార్త రాకపోవచ్చు. కొల్లూరు ఇప్పుడు బాపట్ల జిల్లా. అత్తగారి ఊరు ఒక ఎడిషన్‌లో, పుట్టిల్లు మరో ఎడిషన్‌లో. విదేశంలో ఉన్నవాళ్లు రెండు జిల్లాల పేజీలూ చూడాలి. జిల్లాల పునర్విభజన ప్రభావాల మీద ప్రశ్న వస్తే పాలన చేరువ కావడం గురించి అందరూ రాస్తారు. సమాచార ప్రాంతం, జీవన ప్రాంతం వేరుకావడం గురించి మీరు రాయండి.

తుఫాను బులెటిన్ ఎలా చదవాలి?

ఊరికి దూరంగా ఉన్నవాడికి టీవీ గొంతు భయం పుట్టిస్తుంది. భారత వాతావరణ శాఖ బులెటిన్ మాత్రం కొలతలు చెబుతుంది. కాబట్టి మాటల అర్థం తెలిసి ఉండాలి.

గాలి వేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు ఉంటే వాయుగుండం. 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 నుంచి 88 వరకు తుఫాను, దీనికే పేరు పెడతారు. 89 నుంచి 117 వరకు తీవ్ర తుఫాను. 118 నుంచి 166 వరకు అతి తీవ్ర తుఫాను. ఆపై 221 వరకు ఇంకో మెట్టు ఉంది, 222 దాటితే సూపర్ సైక్లోన్. బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తీవ్ర తుఫాను మెట్టులో ఉంది. అల్పపీడనం అన్న మాట వినగానే ఇంటికి ఫోను చేసి కంగారు పెట్టేవాళ్లు ఈ మెట్లు తెలుసుకుంటే ఇంట్లో పెద్దవాళ్లకు కాస్త నిద్ర దొరుకుతుంది.

ఉత్తర హిందూ మహాసముద్రంలో తుఫాన్లకు పేర్లు ఇచ్చే దేశాలు 13. పేరు ప్రకటించేది న్యూఢిల్లీలోని ప్రాంతీయ కేంద్రం. మిగ్‌జాం పేరు మయన్మార్ ఇచ్చింది. హెచ్చరికలు నాలుగు దశల్లో వస్తాయి: 72 గంటల ముందు తొలి నిఘా ప్రకటన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు తుఫాను హెచ్చరిక, తీరం దాటడానికి సుమారు 12 గంటల ముందు తీరం దాటాక ఏమవుతుందో చెప్పే అంచనా.

రేవుల్లో ఎగరేసే ప్రమాద సంకేతాలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. మిగ్‌జాం సమయంలో నిజాంపట్నం హార్బర్‌లో పదో నంబరు ఎగరేశారు. తీవ్ర తుఫాను రేవు మీదుగానో, బాగా దగ్గరగానో తీరం దాటుతుందని దాని అర్థం. పదకొండో నంబరు అర్థం చాలామంది విద్యార్థులు తప్పు రాస్తారు. అది ఇంకా పెద్ద గాలికి సంకేతం కాదు. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సమాచార సంబంధాలు తెగిపోయాయని అర్థం. సముద్రం మీద బతికేవాళ్ల పట్టికలో అన్నిటికన్నా పై మెట్టు వార్త అందకపోవడానిది. ఆ రాత్రి పెద్దమ్మ ఫోను కలవనప్పుడు డాలస్‌లో మా తమ్ముడి పరిస్థితి ఆ పదకొండో నంబరే.

సమయం విషయంలో పొరపాట్లు జరుగుతుంటాయి. భారత ప్రామాణిక కాలం 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఆధారపడింది. ఆ రేఖ మన రాష్ట్రంలో కాకినాడ దగ్గరగా పోతుంది. అంతర్జాతీయ ప్రామాణిక కాలానికి అయిదున్నర గంటలు ముందు. వాతావరణ శాఖ సాంకేతిక బులెటిన్లలో రెండు సమయాలూ ఉంటాయి. అంతర్జాతీయ కాలంలో రాసిన 0700 గంటలంటే బాపట్లలో మధ్యాహ్నం పన్నెండున్నర. అమెరికా, బ్రిటన్ గడియారాలు వేసవిలో గంట ముందుకు జరుగుతాయి, మనవి జరగవు. గల్ఫ్‌లోనూ జరగవు. దుబాయి మనకన్నా గంటన్నర వెనక, కువైట్ రెండున్నర గంటలు వెనక, ఏడాది పొడుగునా అంతే.

క్యూసెక్కుల లెక్క, ఒక తప్పుడు వీడియో

2024 సెప్టెంబరు మొదటి వారంలో కృష్ణకు వచ్చిన వరద ప్రకాశం బ్యారేజీ చరిత్రలోనే పెద్దది. 11.43 లక్షల క్యూసెక్కులు. అంతకుముందు 2009 అక్టోబరులో 11 లక్షలు దాటింది. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు, రెండోది 5.69 లక్షలకు ఇస్తారు. అంటే రెండో హెచ్చరిక మట్టానికి రెట్టింపు నీరు దిగింది.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28.3 లీటర్లు. 11.43 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు మూడు కోట్ల ఇరవై లక్షల లీటర్లకు పైమాటే. రోజంతా అదే ప్రవాహం నిలిస్తే సుమారు 98.8 టీఎంసీలు. బ్యారేజీ నిల్వ సామర్థ్యం మూడు టీఎంసీల చిల్లర మాత్రమే. ఎందుకు వదిలేస్తున్నారు, ఆపుకోవచ్చు కదా అని విదేశాల నుంచి కోపంగా అడిగినవారికి ఈ రెండు అంకెలే జవాబు. బ్యారేజీ నీటిని మళ్లించే కట్టడం, నిల్వ చేసే జలాశయం కాదు.

ఆ నీరు కిందికి దిగి కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంకల్ని ముంచింది. అరటి, పసుపు, కంద తోటలు నీళ్లలో నిలిచాయి. కరకట్ట వెంట జనం ఇసుక బస్తాలతో కాపలా కాశారు. ఆ రాత్రి మా చుట్టాల గ్రూపులో ఒక వీడియో వచ్చింది. కట్ట తెగి నీరు ఊళ్లోకి దూకుతున్నట్టు ఉంది. కింద మా ఊరి పేరు. కువైట్‌లో ఉన్న మా బావ దాన్ని చూసి ఇంటికి ఫోను చేసి, "వెంటనే తెనాలి వెళ్లిపోండి" అని కేకలేశాడు. అక్కయ్య పశువుల్ని విప్పి, పిల్లల్ని చీకట్లో బయల్దేరదీసింది. సగం దారిలో ఎదురైన వీఆర్వో "కట్ట బాగానే ఉందమ్మా, ఎవరు చెప్పారు?" అన్నాడు. వీడియోలో మనుషులు కట్టుకున్న పంచెల తీరు మన వైపుది కాదు. వెనక కనిపించే బోర్డు మీద లిపి తెలుగు కాదు. చూస్తే తెలిసేది. భయంలో ఎవరూ చూడలేదు.

అందుకే వీడియో వస్తే ఊరి పేరు కన్నా ముందు బోర్డు లిపి, బస్సు రంగు, చెట్లు, నీడ పడిన వైపు చూడాలి. తర్వాత బ్యారేజీ ప్రవాహపు అంకె ఆ గంటకు ఎంతో చూడాలి. ఆపైన కట్ట మీద ఉన్న మనిషి ఒకరితో మాట్లాడాలి. ఈ మూడూ చేయడానికి పది నిమిషాలు చాలు.

వదంతికి చట్టం ఏమంటుంది?

2005 విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ ప్రకారం విపత్తు గురించి భయాందోళన కలిగించే తప్పుడు హెచ్చరిక ప్రచారం చేస్తే ఏడాది దాకా జైలు లేదా జరిమానా. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇలాంటి ప్రచారాన్ని 353వ సెక్షన్ చూస్తుంది, పాత శిక్షాస్మృతిలో ఇది 505. ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఇప్పటికీ దాన్ని ఉన్న సెక్షన్‌గా రాసే విద్యార్థులున్నారు, జాగ్రత్త. వాట్సాప్ 2018లో భారత్‌లో ఒక సందేశాన్ని అయిదు చాట్లకు మించి ఒకేసారి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్‌లో బాగా తిరిగిన సందేశాలను ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. పత్రికల నమోదుకు 1867 నాటి చట్టం పోయి 2023 చట్టం వచ్చింది, 2024 మార్చి 1 నుంచి అమలు.

అమెరికా ఉత్తర్వు, నిజాంపట్నం చెరువు

ప్రపంచ వార్త ఊరి వార్తగా ఎలా మారుతుందో చూడాలంటే రొయ్యల చెరువు గట్టు మీద నిలబడాలి. 2025 ఆగస్టు 7న అమెరికా భారత సరుకుల మీద 25 శాతం సుంకం వేసింది. అదే నెల 27 నుంచి మరో 25 కలిపి 50 శాతం చేసింది. మన రొయ్యలకు అతిపెద్ద మార్కెట్ అమెరికా. దేశంలో రొయ్యలు ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లో. అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు దీనికి అదనం. అక్కడి కొనుగోలుదారు ఆర్డరు ఆపగానే ఇక్కడి ఎగుమతిదారు ధర దించుతాడు, ఏజెంటు చెరువు దగ్గరకొచ్చి కౌంట్‌కు ఇంతే అంటాడు. కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. సంఖ్య తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. నిజాంపట్నం, రేపల్లె వైపు వనామీ వేసిన రైతు వాషింగ్టన్ ప్రకటనను ఆ వారంలోనే తన చెరువు గట్టు మీద విన్నాడు. కొడుకు అమెరికాలో, చెరువు ఇక్కడ ఉన్న కుటుంబానికి ఆ ఒక్క వార్త రెండువైపులా తగిలింది.

ఆ వెంటనే 2025 సెప్టెంబరు 19, శుక్రవారం. అమెరికా ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీ కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అన్న ప్రకటన వెలువడింది. 21వ తేదీ నుంచి అమలు. ఏటా కట్టాలని మొదట అక్కడి వాణిజ్య మంత్రి మాటల్లో వచ్చింది. అమెరికా బయట ఉన్నవాళ్లు వెంటనే తిరిగి రావాలని కొన్ని కంపెనీలు సందేశాలు పంపాయి. సెలవులకు భారత్ వచ్చినవాళ్లు టికెట్లు మార్చుకుని విమానాశ్రయాలకు పరుగెత్తారు. మర్నాడు వైట్‌హౌస్ వివరణ ఇచ్చింది: ఇది ఒక్కసారి కట్టే రుసుము, కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవారికి, రెన్యువల్‌కు వర్తించదు. ఒక్క రోజు తేడా. ఆ ఒక్క రోజులో ఇంటి పెద్దల గుండెలు ఎంత కొట్టుకున్నాయో మా వీధిలో చూశాను.

అమెరికా నుంచి ఇంటికి డబ్బు పంపడం మీద పన్ను కథా ఇలాంటిదే. 2025 మేలో ప్రతిపాదన 5 శాతం. ప్రతినిధుల సభ ఆమోదించింది 3.5. జులై 4న చట్టమైంది 1 శాతంతో, అదీ నగదు, మనీ ఆర్డరు లాంటి మార్గాల్లో పంపితేనే. బ్యాంకు ఖాతా నుంచి పంపేవారికి లేదు. 2026 జనవరి 1 నుంచి అమలు. ఈనాటికీ 5 శాతం అని చెప్పేవాళ్లు కనిపిస్తారు. మొదటి వార్త మనసులో పాతుకుంటుంది, చివరి వార్తను ఎవరూ వెతుక్కోరు. పరీక్షలోనూ అంతే. ప్రతిపాదన, సభ ఆమోదం, చట్టం, అమలు తేదీ అన్న నాలుగు మెట్లను విడివిడిగా నోట్సులో రాసుకోండి. 2024-25లో దేశానికి ప్రవాసులు పంపిన సొమ్ము 135 బిలియన్ డాలర్లు దాటింది కాబట్టి ఈ అంశం ప్రశ్నగా మళ్లీ మళ్లీ వస్తుంది.

ప్రవాసి, ప్రభుత్వం

ఆపద వేళ తరలింపులను ఏడాదితో జతపరచి చదవండి: యెమెన్ నుంచి రాహత్ 2015, కోవిడ్‌లో వందే భారత్ 2020, ఉక్రెయిన్ నుంచి గంగ 2022, సూడాన్ నుంచి కావేరి 2023, ఇజ్రాయెల్ నుంచి అజయ్ 2023, ఇరాన్ ఉద్రిక్తతల్లో సింధు 2025. విదేశాల్లో ఉన్నవారి ఫిర్యాదులకు మదద్ పోర్టల్ 2015లో వచ్చింది. ప్రవాసీ భారతీయ దివస్ జనవరి 9న, 1915లో గాంధీజీ తిరిగివచ్చిన రోజు. మొదటిది 2003లో జరిగింది, 2006లో హైదరాబాదు ఆతిథ్యం ఇచ్చింది.

ఓటు గురించి ఒక పొరపాటు సరిచేయాలి. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 2010 సవరణతో వచ్చిన 20ఏ సెక్షన్ వల్ల భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి ఫారం 6ఏతో ఓటరుగా నమోదు కావచ్చు. కానీ ఓటు వేయాలంటే సొంత నియోజకవర్గానికి స్వయంగా రావాలి. ఆన్‌లైన్ ఓటు, తపాలా ఓటు ప్రవాస ఓటరుకు లేవు. ఓసీఐ కార్డు ఉన్నవారు విదేశీ పౌరులు, వారికి ఓటే లేదు.

జవాబు రాసేటప్పుడు

"సాంకేతికత ప్రవాసిని ఊరికి దగ్గర చేసింది గానీ ఊరి సమాచారాన్ని నమ్మదగినదిగా చేయలేదు. చర్చించండి" అన్న ప్రశ్న వచ్చిందనుకోండి. వాట్సాప్ మంచిచెడ్డల జాబితాతో మొదలుపెట్టకండి. 1908 బొంబాయి ఆంధ్రపత్రికతో మొదలుపెట్టండి. 2024 వరద అంకెలు, 2025 హెచ్-1బీ వివరణ ఉదాహరణలుగా ఇవ్వండి. జిల్లా విలేకరి లోటు, అధికారిక బులెటిన్లు తెలుగులో వేగంగా అందాల్సిన అవసరం, 54వ సెక్షన్ ఈ వరసలో చెప్పండి. మీ ఊరి సంగతి ఒక్కటైనా ఉండాలి. పరీక్షకుడు వందల జవాబుల్లో మీది గుర్తుపట్టేది దానివల్లే.

ఇది చదివేవారిలో కొందరు రేపు ఉద్యోగానికో చదువుకో విదేశం వెళతారు. వారికి ఒక మాట. రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్ 1070, జిల్లా కంట్రోల్ రూమ్ 1077. ఇవి ఊళ్లో ఉన్నవారికి ప్రాణరక్షణ నంబర్లు. డాలస్ నుంచో కువైట్ నుంచో ఈ చిన్న నంబర్లు కలవవు. అందుకని మీ జిల్లా కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ ల్యాండ్‌లైన్ నంబరు ఎస్‌టీడీ కోడ్‌తో సహా, మీ గ్రామ సచివాలయంలో ఒక ఉద్యోగి నంబరు, కట్ట దగ్గరో చెరువు దగ్గరో ఉండే బంధువు ఒకరి నంబరు, ఈ మూడూ కాగితం మీద రాసి పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి. తెనాలివారైనా సరే, పుట్టిల్లు లంకల్లో ఉంటే బాపట్ల కలెక్టరేట్ నంబరు కూడా అందులో ఉండాలి.